పాపారాయుడికి ఆ కబురు వేళకు అంది ఉంటే?

క్లుప్తంగా: జరిగిన చరిత్రలో ఒక ఘటనను మార్చి, ఆ తర్వాత లోకం ఎలా ఉండేదో ఊహించి రాసే కథలను ప్రత్యామ్నాయ చరిత్ర అంటున్నారు. ఎక్కడ మార్చిందీ పాఠకుడికి కనబడుతున్నంత సేపు ఇందులో మోసం లేదు. మార్చిన చోటు దాగిపోతేనే ఏది నిజమన్న గొడవ మొదలవుతుంది. బొబ్బిలి యుద్ధాన్ని ఈ పద్ధతిలో పరీక్షిస్తే, జనం మలుపు అనుకునే ఘట్టం ఒకటి, చరిత్రను తిప్పిన ఘట్టం మరొకటి అని తేలుతుంది.

ఈ ప్రశ్న ఇప్పుడెందుకు

చారిత్రక సినిమా ఏదైనా విడుదలైందంటే విజయనగరం, బొబ్బిలి, రాజాం, చీపురుపల్లి వైపు టీకొట్ల దగ్గరా వాట్సాప్ గ్రూపుల్లోనూ వినిపించే ప్రశ్న ఒకటుంది: "ఇది నిజంగా జరిగిందేటి?" అడగడంలో తప్పేమీ లేదు. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో చరిత్ర పుస్తకాల్లోకన్నా ఎక్కువగా నోటి మాటగానే నిలిచింది. బొబ్బిలి కథను తాతల దగ్గర విన్నవాళ్లున్నారు. 1964లో, 1986లో వచ్చిన సినిమాల్లో చూసినవాళ్లు అంతకన్నా ఎక్కువమంది. బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడు అనగానే ఒక తరానికి ఎస్వీ రంగారావు, తర్వాతి తరానికి కృష్ణంరాజు కళ్లముందు నిలబడతారు.

దీనికి ఇప్పుడు ఏఐ వీడియోలు తోడయ్యాయి. కోట తగలబడుతున్నట్టు, రాజుగారు మాట్లాడుతున్నట్టు ఒక నిమిషం క్లిప్ తయారుచేయడానికి సెట్టింగులూ అక్కర్లేదు, నటులూ అక్కర్లేదు. విన్నది, సినిమాలో చూసినది, ఫోన్‌లో వచ్చినది ఒకేచోట కలిసిపోతే ఏ ముక్క ఎక్కడిదో చూసేవాడికి గుర్తుండదు. ఈ మూడింటికీ భిన్నంగా, కల్పించిన చోటును దాచకుండా చూపించే కథాప్రక్రియ ప్రత్యామ్నాయ చరిత్ర. అది ఎలా పనిచేస్తుందో తెలిస్తే మిగతావాటిని విడదీయడం కొంత తేలిక.

ఒక కుర్చీ, అయిదు తూటాలు

1933 ఫిబ్రవరి 15న అమెరికాలోని మయామీలో, అధ్యక్షుడిగా ఎన్నికై ఇంకా బాధ్యతలు చేపట్టని ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ మీద జుసెప్పే జంగారా అనే వ్యక్తి కాల్పులు జరిపాడు. పొట్టిమనిషి కావడంతో జనం తలల మీదుగా గురిపెట్టడానికి కుర్చీ ఎక్కాడు. కుర్చీ ఊగింది, గురి తప్పింది. తూటాలు పక్కవాళ్లకు తగిలాయి. గాయపడ్డ షికాగో మేయర్ ఆంటన్ సెర్మాక్ మార్చి 6న చనిపోయాడు. రూజ్‌వెల్ట్ బతికి, 1945 దాకా అమెరికాను నడిపించాడు.

ఆ గురి తప్పకపోయి ఉంటే? ఫిలిప్ కె. డిక్ 1962లో రాసిన 'ద మ్యాన్ ఇన్ ద హై కాజిల్' నవల అక్కడే మొదలవుతుంది. ఆ లోకంలో రూజ్‌వెల్ట్ హతుడయ్యాడు, అమెరికా ఆర్థికంగా కోలుకోలేదు, రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీ, జపాన్ గెలిచి అమెరికాను పంచుకున్నాయి. పడమటి తీరం జపాన్ కింద, తూర్పు జర్మనీ కింద ఉంటాయి. నవలకు 1963లో హ్యూగో అవార్డు వచ్చింది.

ఊహ చాలా పాతది. అలెగ్జాండర్ పడమటికి వచ్చి రోమ్‌తో తలపడి ఉంటే ఏమయ్యేదని రోమన్ చరిత్రకారుడు లివీ రెండువేల ఏళ్ల కిందటే చర్చించాడు. గెలుపు రోమ్‌దే అని తేల్చుకున్నాడు, రోమన్ కదా మరి. అమెరికా అంతర్యుద్ధంలో దక్షిణాది సేనాని లీ గెటిస్‌బర్గ్‌లో ఓడాడు. ఆయన గెలిచిన లోకంలో కూర్చుని, ఒకవేళ ఓడి ఉంటే ఏమయ్యేదో ఊహిస్తున్నట్టుగా విన్‌స్టన్ చర్చిల్ 1930లో ఒక వ్యాసం రాశారు.

ఈ ప్రక్రియకు రాతపూర్వక నియమాలు లేకపోయినా మంచి రచయితలు పాటించే పద్ధతి ఒకటుంది. మార్పు చిన్నదిగా ఉండాలి, ఆ రోజుల్లో జరగడానికి వీలున్నదై ఉండాలి. తర్వాత జరిగేదంతా దాని నుంచే పుట్టాలి, ఇష్టమొచ్చిన చోట మళ్లీ వేలు పెట్టకూడదు. చరిత్రకారుల్లో దీనిపై రెండు అభిప్రాయాలున్నాయి. ఇ.హెచ్. కార్ లాంటివాళ్లు ఇదంతా పొద్దుపోని కాలక్షేపమని తీసిపారేశారు. నైల్ ఫెర్గూసన్ 1997లో వేరే దారి చూపారు: ఆ కాలంవాళ్లు తాము స్వయంగా ఆలోచించినట్టు రాతపూర్వక ఆధారం ఉన్న ప్రత్యామ్నాయాలనే పరిశీలించాలని. ఈ షరతు కథకుడి చేతులు కట్టేస్తుంది గానీ, ఏ ఘటన వల్ల ఏది జరిగిందో తూచడానికి పనికొస్తుంది.

బొబ్బిలి మలుపు కోటలో లేదు

ముందు జరిగినది. 1753 చివర్లో నిజాం సలాబత్ జంగ్ ఉత్తర సర్కారులను, అంటే ఇప్పటి కోస్తాంధ్ర తీరాన్ని, ఫ్రెంచివారికి ఇచ్చాడు. వాటి పాలన, కప్పం వసూలు ఫ్రెంచి సేనాని బుస్సీ చేతికొచ్చాయి. ఆయనకు ఈ ప్రాంతంలో దగ్గరి మిత్రుడు విజయనగరం పాలకుడు పూసపాటి పెద విజయరామరాజు. విజయరామరాజుకూ బొబ్బిలి పాలకుడు రంగారావుకూ పాత వైరం. బొబ్బిలి విడిచి వేరేచోటికి పొమ్మన్న షరతును రంగారావు ఒప్పుకోలేదు. 1757 జనవరి 24న కోట మీద దాడి జరిగింది. దాడికి వెళ్లిన బలగం 750 మంది యూరోపియన్లు, నాలుగు ఫిరంగులు, విజయరామరాజు తరఫున 11,000 మంది అని ఆంగ్ల చరిత్రకారుడు రాబర్ట్ ఓర్మ్ లెక్క ఇస్తాడు. కోటలోని ఆడవాళ్లు, పిల్లలు శత్రువు చేతికి చిక్కకుండా అయినవాళ్ల చేతుల్లోనే చనిపోయారు. రంగారావు, కోటలో పోరాడినవాళ్లు దాదాపు అందరూ నేలకొరిగారు. కొద్దిరోజులకే ఒక రాత్రి పాపారాయుడు విజయరామరాజు డేరాలోకి చొరబడి ఆయన్ను చంపాడు.

ఇక కథ. యుద్ధం నాటికి పాపారాయుడు రాజాంలో ఉన్నాడనీ, బొబ్బిలి నుంచి వెళ్లిన కబురు వేళకు అందలేదనీ, వచ్చేసరికి అంతా అయిపోయిందనీ గాథలు చెబుతాయి. విన్న ప్రతి ఒక్కరికీ మనసులో మెదిలే ఊహ ఒక్కటే: ఆ కబురు అంది ఉంటే! రాజాం నుంచి బొబ్బిలి ముప్పై కిలోమీటర్లకు అటూ ఇటూ. గుర్రం మీద ఒక రాత్రిలో చేరదగిన దూరమే. చిన్న మార్పు, ఆనాడు సాధ్యమైన మార్పు. కథకుడికి ఇంతకన్నా ఏం కావాలి?

అయితే ఆ మార్పు వెంట వెళ్తే వచ్చే ఫలితం ఆశించినట్టు ఉండదు. పాపారాయుడు తన మనుషులతో వేళకు వచ్చాడనుకుందాం. ఎదురుగా ఉన్నవి ఫిరంగులు. కోట మరికొన్ని గంటలు, పోనీ మరొక రోజు నిలిచేది. ఆ తర్వాత పాపారాయుడు కూడా రంగారావు పక్కనే పడిపోయేవాడు. అప్పుడు డేరాలోకి వెళ్లేదెవరు?

ఇక్కడే అసలు మలుపు బయటపడుతుంది. విజయరామరాజు బతికి ఉంటే ఫ్రెంచివారితో పొత్తు కొనసాగేది. ఆయన హత్యతో గద్దె ఆనంద గజపతికి (ఆనందరాజుకు) వచ్చింది. బుస్సీ ఏర్పాట్లు నచ్చని ఆనందరాజు మరుసటి ఏడాదే ఫ్రెంచివారి మీద తిరగబడి, విశాఖపట్నాన్ని వాళ్ల నుంచి లాక్కుని, బెంగాల్లో ఉన్న ఈస్టిండియా కంపెనీ సేనాని క్లైవ్‌కు సాయం కోరుతూ కబురు పెట్టాడు. 1757 జూన్‌లో ప్లాసీలో గెలిచి ఉన్నందున క్లైవ్‌కు సైన్యం పంపే వెసులుబాటు ఉంది. కర్నల్ ఫోర్డ్ వచ్చి, ఆనందరాజుతో కలిసి 1758 డిసెంబరులో పెద్దాపురం దగ్గర చందుర్తి వద్ద ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్స్‌ను ఓడించాడు. 1759 ఏప్రిల్లో మచిలీపట్నం కోట ఆంగ్లేయుల పరమైంది. ఉత్తర సర్కారుల్లో ఫ్రెంచివారి కథ అక్కడితో ముగిసింది. 1765లో మొఘల్ ఫర్మానాతో ఈ ప్రాంతం కంపెనీ పేరు మీదికి వచ్చింది.

అంటే ఉత్తరాంధ్ర చరిత్రను తిప్పింది కోటలో జరిగిన పోరుకన్నా ఆ తర్వాత డేరాలో జరిగిన హత్యే. కబురు అంది పాపారాయుడు కోటలోనే చనిపోయి ఉంటే, విజయనగరం దూత క్లైవ్ దగ్గరికి వెళ్లకపోయే అవకాశమే ఎక్కువ.

అలాగని ఈ తీరం ఫ్రెంచివారికే మిగిలిపోయేదనీ, విజయనగరం మరో పుదుచ్చేరి అయ్యేదనీ చెప్పడం గోరంతను కొండంత చేయడమే. 1758లో ఫ్రెంచి సేనాధిపతి లాలీ పిలుపు మీద బుస్సీ ఈ ప్రాంతం వదిలి దక్షిణానికి వెళ్లిపోయాడు. ఏడేళ్ల యుద్ధంలో ఫ్రాన్స్ సముద్రం మీద దెబ్బతింది. 1761 జనవరిలో పుదుచ్చేరి సైతం పడిపోయింది. వెనక నౌకాబలం లేకుండా మచిలీపట్నం ఎన్నాళ్లు నిలుస్తుంది? ఆంగ్లేయుల రాక నాలుగైదేళ్లు వెనక్కి జరిగేదేమో, ఆగేది మాత్రం కాదు. మారేదల్లా ఏ సంస్థానం ఏ షరతుల మీద కంపెనీకి లొంగిందన్నది. చందుర్తిలో కంపెనీ పక్కన నిలిచినందుకు విజయనగరానికి ఆ తర్వాతి ఏళ్లలో దక్కిన పలుకుబడి దక్కేది కాదు.

ఇలా లెక్కవేస్తే ప్రత్యామ్నాయ కథ చేసే పని తెలుస్తుంది. పాపారాయుడు రాలేకపోవడమే విషాదమని గాథ నమ్మిస్తుంది. రాలేకపోవడం వల్లే ఏం జరిగిందో ఊహాప్రయోగం చూపిస్తుంది.

అసలుదని చెప్పేదేది

డిక్ నవలలో ప్రసిద్ధమైన సన్నివేశం ఒకటుంది. ఒక వ్యాపారి రెండు సిగరెట్ లైటర్లు ముందు పెడతాడు. చూడ్డానికి రెండూ ఒకటే. ఒకటి మాత్రం హత్య జరిగినప్పుడు రూజ్‌వెల్ట్ జేబులో ఉన్నదట. ఏది? పట్టుకుని చూస్తే తెలియదు. దానితోపాటు ఉన్న ధ్రువపత్రమే ఏది అసలుదో చెబుతుంది. మరి ఆ కాగితం అసలుదని చెప్పేదెవరు? అదే నవలలో పాత అమెరికన్ వస్తువులకు జపాన్ సంపన్నుల దగ్గర గిరాకీ ఉంటుంది, ఆ గిరాకీ కోసం నకిలీ పాత తుపాకులు తయారవుతుంటాయి. నవలలో ఇంకో నవల కూడా ఉంది. అందులో జర్మనీ, జపాన్ ఓడిపోతాయి. కానీ ఆ లోకం కూడా మనది కాదు, అక్కడ యుద్ధం ముగిసిన తీరు, ఆ తర్వాత పైచేయి ఎవరిదన్నది వేరే. 2015లో మొదలైన టీవీ సిరీస్‌లో ఆ పుస్తకం స్థానంలో ఫిల్మ్ రీళ్లు పెట్టారు.

ఈ చిక్కు బొబ్బిలికి కొత్త కాదు. బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో వీణలు చేస్తారు. పనస దుంగను తొలిచి కుండ, దండి విడిగా అతికించకుండా ఒకే చెక్కలో తీసే ఏకాండీ వీణలకు ఈ ఊరు పేరు. అదే ఆకారంలో, అదే రంగులో వీణ ఇంకెక్కడైనా చేయొచ్చు. కొనేవాడికి తీగ మీటితే తేడా తెలియకపోవచ్చు. అందుకే భౌగోళిక గుర్తింపు అవసరమైంది. ఏ ఊళ్లో, ఏ పద్ధతిలో తయారైందన్న రుజువే దాన్ని 'బొబ్బిలి వీణ' చేస్తుంది.

చరిత్రకూ అంతే. కోట దిబ్బ, కత్తి, పాట వాటంతట అవి సాక్ష్యం చెప్పవు. ఎవరు, ఎప్పుడు, ఏ ఆధారంతో నమోదు చేశారన్న గొలుసు చెబుతుంది. బొబ్బిలి విషయంలో ఆ గొలుసులో ఓర్మ్ రాసిన చరిత్ర ఉంది. ఆ యుద్ధం వచ్చే రెండో సంపుటం 1778లో వెలువడింది. దిట్టకవి నారాయణకవి పద్యకావ్యం 'రంగరాయ చరిత్రము' ఉంది. జంగం కథలు, బుర్రకథలు ఉన్నాయి. ఓర్మ్ ఇంగ్లిషువాడు, రాసింది కంపెనీ కోణంలో. నారాయణకవి కావ్యం నాయకుడు రంగారావు. ఎవరి పక్షం వాళ్లకుంది. అయినా యుద్ధం, దాని ఫలితం, కోటలోని చావులు, డేరాలో హత్య వీటిలో కలుస్తాయి. కబురు దారితప్పడం లాంటి వివరాల బరువు గాథల మీదే ఎక్కువ.

రాతిమీద చెక్కినదంతా పూర్తి నిజమన్న నమ్మకమూ అన్నిచోట్లా చెల్లదు. కళింగ యుద్ధంలో లక్షమంది చచ్చారని, లక్షా యాభైవేల మందిని తరలించుకుపోయారని అశోకుడు తన పదమూడో శిలాశాసనంలో చెప్పాడు. శ్రీకాకుళం జిల్లా ఎల్ల దాటి గంజాం జిల్లాలోని జౌగడ శాసనాల దగ్గరికి వెళ్తే ఆ శాసనం కనబడదు. ధౌలిలోనూ లేదు. కళింగ దేశపు జనానికి వాటి బదులు వేరే రెండు శాసనాలు చెక్కించాడు. ఇది అబద్ధం కిందికి రాదు, ఎవరికి ఏం చెప్పాలో ఎంచుకోవడం. వదిలేసినది కూడా చరిత్రను మారుస్తుందనడానికి ఇంతకన్నా పాత ఉదాహరణ ఈ చుట్టుపక్కల దొరకడం కష్టం.

విన్నవాళ్లకు తెలియదా

పాతకాలపు జనం కథనూ చరిత్రనూ కలగలిపేసేవారన్న అభిప్రాయం చాలామందిలో ఉంది. 2001లో వెలువడిన 'టెక్స్చర్స్ ఆఫ్ టైమ్' అనే పుస్తకంలో వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్, సంజయ్ సుబ్రహ్మణ్యం దీన్ని ప్రశ్నించారు. వాళ్లు ముందుగా ఎత్తుకున్న ఉదాహరణ బొబ్బిలి యుద్ధమే. దక్షిణ భారతంలో చరిత్రకు విడిగా ఒక ప్రక్రియ లేదనీ, ఆయా కాలాల్లో చెలామణిలో ఉన్న సాహిత్య రూపంలోనే చరిత్ర రాసేవారనీ, చెప్పే తీరును బట్టి ఏది చరిత్రగా చెబుతున్నారో వినేవాళ్లు పసిగట్టేవారనీ వాళ్ల వాదన. దీన్ని ఒప్పుకోని పండితులూ ఉన్నారు.

ఆ వాదనలో కొంత నిజముందనిపించే దృశ్యం బుర్రకథ వేదిక మీదే ఉంది. నడుమ తంబురాతో కథకుడు, అటూ ఇటూ డక్కీలతో వంతలు. ఒక వంత హాస్యం, ఇంకొకరు రాజకీయం. ఫిరంగులు పేలుతుండగా రాజకీయం వంత కథ ఆపి నిన్నమొన్నటి ధరలో, ఊళ్లో రోడ్డు సంగతో ఎత్తుతాడు. జనం నవ్వుతారు. మళ్లీ తందాన తాన, మళ్లీ 1757. ఏది కథ, ఏది వ్యాఖ్య, ఏది ఈనాటి మాట అన్నది గొంతు మారడంతోనే తెలిసిపోతుంది. కథ నడుస్తుండగానే గీత గీసి చూపించే ఏర్పాటు అది.

సినిమాలో ఆ ఏర్పాటు లేదు. మొదట్లో ఒక హెచ్చరిక అక్షరాలు వేస్తారు, అప్పటికి సగంమంది సీట్లు వెతుక్కుంటూ ఉంటారు.

దాగిన మార్పు

2022లో వచ్చిన 'ఆర్ఆర్ఆర్' దీనికి మంచి ఉదాహరణ. అల్లూరి సీతారామరాజు, కొమరం భీం కలిశారన్నది ఆ సినిమాలోని పెద్ద కల్పన. అది కల్పన అని తీసినవాళ్లే చెప్పారు. ఇద్దరూ కలిసినట్టు చరిత్రలో ఆధారం లేదు. ప్రేక్షకుల్లో చాలామందికి ఆ సంగతి తెలుసు. అది బయటికి కనిపించే మార్పు.

కనిపించని మార్పు వేరేది. కొమరం భీం పోరాడింది ఆదిలాబాద్ అడవుల్లో నిజాం ప్రభుత్వం మీద. జల్, జంగల్, జమీన్ అన్న నినాదంతో ముడిపడిన పేరు ఆయనది. సినిమాలో ఆయన ఎదురుగా నిలబడేది బ్రిటిష్ గవర్నర్. 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీస్ స్టేషన్ల మీద దాడిచేసి ఆయుధాలు తీసుకుపోయిన అల్లూరి, సినిమాలో పోలీసు అధికారిగా కనబడతాడు. కలవనివాళ్లు కలిశారన్న పెద్ద అబద్ధాన్ని అందరూ పట్టేస్తారు. ఎవరి మీద పోరాడారన్న చిన్న మార్పు మాత్రం చడీచప్పుడు లేకుండా మనసులో చేరిపోతుంది. పదో తరగతి పిల్లవాడు పరీక్షలో రాసేసేది ఆ రెండోదే.

కాబట్టి ఊహాచరిత్రను తూచేటప్పుడు ఎంత మార్చారన్నదానికన్నా, మార్చినది కనబడుతోందా లేదా అన్నదే ముందు చూడాలి. డిక్ నవలలో జర్మనీ గెలిచిందని చదివి ఎవరూ బోల్తాపడరు, ఎందుకంటే గెలవలేదని లోకానికంతటికీ తెలుసు. ఈ తీరంవాళ్లకు మరీ బాగా తెలుసు: 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. ఆ ఊహ వీళ్లకు పూర్తిగా పరాయిది కాదు. అయినా యుద్ధం ఎటు ముగిసిందో తెలుసు గనక కథ కథగానే ఉంటుంది.

స్థానిక చరిత్రకు ఎదురయ్యేది

ప్రాంతీయ చరిత్రకు ఆ రక్ష లేదు. ప్లాసీ పాఠ్యపుస్తకంలో ఉంటుంది. చందుర్తి పేరు చాలామందికి తెలియదు. అసలు తెలియనిచోట మార్పు మార్పుగా కనబడదు, అదే అసలుగా చెల్లిపోతుంది. ఏఐ క్లిప్పులు ఎక్కువ నష్టం చేయగలిగేది ఇలాంటి చోటే. గాంధీ గురించి తప్పు వీడియో వస్తే ఖండించడానికి వేలమంది ఉంటారు. ఆనంద గజపతి గురించి వస్తే ఎవరున్నారు?

పద్మనాభం యుద్ధం సంగతే చూడండి. బొబ్బిలిలో చనిపోయిన పక్షాన్ని పాటలు మోశాయి. 1794 జూలై 10న పద్మనాభంలో చనిపోయినవాళ్లకు అంత అదృష్టం లేదు. కప్పం బకాయిల పేరుతో సంస్థానం విడిచి మచిలీపట్నం వెళ్లమన్న కంపెనీ ఆజ్ఞను విజయనగరం పాలకుడు చిన విజయరామరాజు కాదన్నాడు. అనుచరులతో పద్మనాభం చేరి, కర్నల్ ప్రెండర్‌గాస్ట్ సేనతో పోరాడి చనిపోయాడు. ముప్పై ఆరేళ్ల కిందట కంపెనీని ఈ తీరానికి పిలిచింది ఆ వంశమే. ఆ యుద్ధం తర్వాత విజయనగరం జమీందారీ బాగా కుదించుకుపోయింది, బొబ్బిలి మళ్లీ విడి జమీందారీ అయింది. ప్రత్యామ్నాయ కథకు ఇంతకన్నా పదునైన మలుపు ఈ జిల్లాల్లో దొరకదు. మచిలీపట్నం వెళ్లి ఉంటే, లేదా కొండ సంస్థానాలన్నీ ఆయన వెంట కదిలి ఉంటే అని ఊహించవచ్చు. కానీ దాన్ని రాయబోయే రచయితకు ఒక ఇబ్బంది ఉంది. ఎక్కడ మార్చిందీ పాఠకుడికి తెలియాలంటే, నవలలో మొదటి సగం జరిగినది చెప్పడానికే పోతుంది.